ముందు ఆపుడెట్లనో చెప్పు

మామ సింగరేణి శ్రీరాంపూర్ ఏరియాలోని ఒక ఆర్కే బొగ్గు బాయిలో బెల్టు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నస్పూర్‌లోనే స్థిరపడ్డాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు. మెకానికల్ చదివి, హైదరాబాద్‌లో గోదాములకు యంత్రాలు అమర్చే ఒక కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా ఉన్నాడు. దసరాకు వస్తూ ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాడు. అందులో ఒక నక్షా ఉంది. పట్నం రింగు రోడ్డు అవతల కట్టబోయే పెద్ద పంపిణీ గోదాముది. లారీల నుంచి దిగిన పెట్టెలు బెల్టు మీద లోపలికి పోతాయి. క్రేన్లు వాటిని ఎత్తైన ర్యాకుల్లో సర్దుతాయి. చక్రాల రోబోలు అరలను మోసుకొచ్చి మనిషి ముందు నిలబెడతాయి. ఆ మనిషి తీసి పెట్టిన సరుకు పిన్‌కోడు ప్రకారం వేరుపడి మళ్లీ లారీ ఎక్కుతుంది.

ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. వాళ్ల వాదన విన్నంత మేరకు రాస్తున్నాను. ఎక్కడెక్కడ నా మొగ్గు ఎటుందో దాచను.

మామ: మంచిగనే గీసినవ్ రా. బెల్టు ఏడ మొదలైతది, ఏడ మలుగుతది, ఏడ దించుతది, అన్నీ ఉన్నయ్. ఆపుడెట్లనో లేదు.

అల్లుడు: ఉన్నది మామా. ఈ ఎర్ర చుక్కలన్నీ ఎమర్జెన్సీ స్టాప్ బటన్లే.

మామ: ఈ బెల్టు పొడుగెంత?

అల్లుడు: ఎనభై మీటర్లు.

మామ: చుక్కలు రెండు కొసలకు పెట్టినవ్. నడుమ ఒకని అంగీ చిక్కిందనుకో. వాడు నలభై మీటర్లు ఉరికొచ్చి నీ చుక్క ఒత్తుతడా? బాయిల బెల్టు పొడుగునా తాడుంటది. పుల్ కార్డు. ఏడ నిలబడ్డోడు ఆడనే గుంజాలె, బెల్టు ఆగాలె. మల్ల నడపాల్నంటే ఆపరేటర్ తన కుర్చీల కూసోని బటన్ ఒత్తితే నడువది. గుంజిన జాగకు నడిచిపోయి చేత్తోని రీసెట్ చెయ్యాలె. ఎవడు గుంజిండో, ఎందుకు గుంజిండో కండ్లతోని చూసినంకనే.

అల్లుడు: ఆ నియమం మాకూ ఉన్నది. ఐఎస్ఓ 13850 అని అంతర్జాతీయ ప్రమాణం. బటన్ పైకి తీసినంత మాత్రాన యంత్రం తనంతట తాను నడవొద్దని అందులనే ఉంటది. తాడు మంచి మాటనే, పెడతా. కానీ మామా, నీ ప్రశ్ననే పాతది. బెల్టు పక్కన మనిషి ఉంటడని నువ్వు ముందే ఒప్పుకుంటున్నవ్. నా డిజైన్ల ఆ జాగల మనిషే ఉండడు. ప్రమాదం దగ్గర మనిషిని కాపాడుడు కంటే, ప్రమాదం దగ్గర మనిషినే లేకుండ చేసుడు మేలు కదా?

మామ: మాట మంచిగున్నది.

అల్లుడు: మాట కాదు, లెక్క. మన మంచిర్యాల దిక్కు ఎంఎల్‌ఎస్ పాయింట్లు చూడు. రేషన్ బియ్యం పంచే గోదాములే కదా అవి? 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు. షాపుకు అవి నడిచొచ్చినయా? యాభై కిలోల బస్తా హమాలీ వీపు మీద వచ్చింది. లారీ నుంచి గోదాముకు ఒకసారి, గోదాము నుంచి లారీకి ఒకసారి, షాపు కాడ మల్లొకసారి. నలభై ఏండ్లు దాటిన హమాలీల సక్కగ నిలబడేటోడు ఎంతమంది? ఇగ ఫోర్క్‌లిఫ్టులు వచ్చినంక ఏమైంది? అమెరికాలనే ఏటా డెబ్బై మంది దాకా వాటి కింద, వాటి మీద చచ్చిపోతున్నరు. పాత పద్ధతి గోదాముల సరుకు ఏరేటోడు షిఫ్టుకు పది పదిహేను కిలోమీటర్లు నడుస్తడు. నా రోబో అరనే వాని కాడికి తెస్తది. వంగుడు లేదు, నిచ్చెన ఎక్కుడు లేదు.

మామ: హమాలీ నడుము సంగతి నాకు చెప్పకు. బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పని నేను చూసిన. మా నాయిన ఫిల్లర్. టబ్బులు నింపి నింపి ఆయన చెయ్యి సక్కగ చాపకపోయేది. బొగ్గు ఎత్తే ఎస్డీఎల్ మిషన్లు బాయిలకు దిగితే మేం ఏడ్వలే, సంబురపడ్డం. యంత్రం వద్దని నేను అంటలేను.

అల్లుడు: మరి?

మామ: నడిచే యంత్రం గురించి నువ్వు చెప్తున్నవ్. నిలబడ్డ యంత్రం గురించి నేను అడుగుతున్న. నీ బెల్టు మీద పెట్టె అడ్డం పడ్డది. అట్ట తడిసి చినిగింది, లోపలి సరుకు రోలర్ సందుల ఇరికింది. ఎవడు తీస్తడు? రోబో తీస్తదా?

అల్లుడు: మెయింటెనెన్స్ టెక్నీషియన్ తీస్తడు.

మామ: అంటే మనిషి ఉన్నడు.

(ఇక్కడ అల్లుడు నవ్వాడు. మామ నవ్వలేదు. ఈ ఒక్క మాట కోసమే ఆయన అంతసేపు నక్షా చూశాడని నాకు అనిపించింది. 1983లో లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు యాంత్రీకరణలోని విడ్డూరాల మీద ఒక చిన్న వ్యాసం రాసింది. ఆ రంగంలో ఇప్పటికీ అందరూ దాన్ని తలుచుకుంటారు. సులువైన పనులన్నీ యంత్రానికి అప్పగిస్తే, మనిషికి మిగిలేది యంత్రానికి చేతకాని పని. అంటే అన్నిటికన్నా చిక్కు పని, అరుదుగా వచ్చే పని, కాబట్టి అలవాటు తప్పిన పని. నస్పూర్ మామ ఆ వ్యాసం చదవలేదు. బెల్టు టెయిల్ ఎండ్ దగ్గర రాలిన బొగ్గు ఎత్తినవాడికి చదవాల్సిన అవసరమూ లేదు.)

మామ: బెల్టు నిండుగ నడుస్తున్నప్పుడు దాని జోలికి ఎవడు పోడు. చెయ్యి పోయేది ఎప్పుడు? టెయిల్ ఎండ్ కాడ బొగ్గు కుప్ప పడితే పార పట్టుకొని ఎత్తేటప్పుడు. రోలర్ కూత పెడుతుంటే చూడబోయినప్పుడు. బెల్టు పక్కకు పోతుంటే సక్కజేయబోయినప్పుడు. నేను చూసినయన్నీ గిట్లనే అయినయ్. ఏ బాయి అని అడుగకు.

అల్లుడు: అందుకే ఇంటర్‌లాక్ గేటు పెట్టినం. రోబోలు తిరిగే జాగ చుట్టూ కంచె. గేటు తెరిస్తే లోపల అన్నీ ఆగుతయ్. లోపలికి పోయేటోడు తాళంచెవి తీసుకొని పోతడు. ఆ చెవి మల్ల పెట్టేదాక యంత్రం లేవది.

మామ: ఒక్క చెవినేనా?

అల్లుడు: గేటుకు ఒకటి.

మామ: ఇద్దరు లోపలికి పోయిన్రు. ఒకడు పని అయిపోయిందని బయటికొచ్చి చెవి పెట్టిండు. రెండోవాడు ర్యాకు ఎనుక ఉన్నడు. అప్పుడు?

అల్లుడు: ...కెమెరాలు ఉంటయ్.

మామ: కెమెరా చూసేటోడు చాయ్‌కి పోతడు. ఎవని తాళం వానిది గావాలె. స్విచ్చు కాడ ఆరు రంధ్రాల పట్టీ ఉంటది. ఎలక్ట్రీషియన్ తాళం ఒకటి, ఫిట్టర్ది ఒకటి, హెల్పర్ది ఒకటి. ముగ్గురు ఎవని తాళం వాడు తీస్తెనే కరెంటు. తాళం మీద వాని పేరు, ఫోటో. జనరల్ మేనేజర్ వచ్చినా ఇంకొకని తాళం తియ్యొద్దు.

అల్లుడు: సరే, రాసుకుంటున్న. అయితే మామా, నువ్వు చెప్పేదంతా క్రమశిక్షణ. క్రమశిక్షణ మీద నమ్మకం పెట్టుకొని డిజైన్ చెయ్యొద్దని మాకు నేర్పుతరు. మనిషి మరిచిపోతడు, తొందరపడతడు. కంచె మరిచిపోదు.

మామ: కంచె మరిచిపోదు గని, కంచెను మోసం చేస్తరు. గేటు స్విచ్చుకు అయస్కాంతం ముక్క అంటిస్తే అది మూసినట్టే అనుకుంటది. అంటిస్తరు. బాయిల పుల్ కార్డుకు వైరు గట్టి పెట్టినోళ్లను చూసిన. వాళ్లేం దుర్మార్గులు కాదు. మంచి పనోళ్లు. మరెందుకు గట్టిన్రు?

అల్లుడు: నువ్వే చెప్పు.

మామ: షిఫ్టుకు ఇన్ని టన్నులని ఉంటది. బెల్టు ఊకె ఆగుతుంటే పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగుతది, ఎవడున్నడు ఆడ? రెండుసార్లు ఉత్తగనే ఆగింది, మూడోసారి వైరు గట్టిండు. గట్టినోడిని సస్పెండ్ చేస్తరు. ఫోన్ చేసినోడికి ఏం గాదు.

అల్లుడు: ఉత్తగ ఆగకుండ చూసుడే దానికి మందు. సెన్సర్ మంచిదైతే...

మామ: అదే సెన్సర్ నస్పూర్‌ల పెడితే ఎన్ని దినాలు మంచిగుంటది? తీగ మీద ఆరేసిన తెల్లంగి పొద్దుమీకి ఏ రంగుకొస్తదో మీ అత్తను అడుగు.

అల్లుడు: అది నిజమే. బొగ్గు మసి ఫోటో సెన్సర్ అద్దం మీద పడితే అది ఏదో అడ్డమొచ్చిందనుకుంటది. ఆగుడు వైపే తప్పు చేసేటట్టు పెడతం కాబట్టి లైను ఆగుతది. రోజుకు పదిసార్లు ఆగితే నువ్వన్న అయస్కాంతం వస్తది. మసి పడే చోట వేరే రకం సెన్సర్ వాడాలె, అద్దం తుడిచే పనిని షిఫ్టు పనిలనే రాయాలె. ఎండ గూడ చూడాలె. మే నెలల నలభై ఐదు డిగ్రీలు దాటుతది, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. రోబో బ్యాటరీకి అది పడదు.

మామ: బ్యాటరీకి పడదు, సరే. మనిషికి పడుతదా?

(ఈ చురక ఊరికే తగిలించింది కాదు. 2024 ఎండాకాలంలో హర్యానాలోని మానేసర్‌లో ఒక పెద్ద బహుళజాతి సంస్థ గోదాములో, లారీల సరుకు దించడం పూర్తయ్యేదాకా నీళ్లకూ మూత్రానికీ పోబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారని వార్తలు వచ్చాయి. ఆ జూన్‌లో జాతీయ మానవ హక్కుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. బ్యాటరీ వేడెక్కితే రోబో తనంతట తాను పోయి పక్కన నిలబడుతుంది. దాన్నెవరూ ప్రమాణం చేయమనరు.)

అల్లుడు: నువ్వు టన్నుల మాట తెచ్చినవ్ కాబట్టి అడుగుతున్న. సమర్థత వద్దా? గంటకు ఇన్ని పార్సిళ్లు పోవాలెనని కట్టేటోడు పైసలు పెడతడు. ఊకె ఆపుకుంట కూసుంటే గోదాము మూతపడుతది.

మామ: ఆపుకుంట కూసోమని ఎవడన్నడు? ఆగినా పని నడిచేటట్టు కట్టుమంటున్న. మా సీహెచ్‌పీ, అదే బొగ్గు వ్యాగన్లకు ఎక్కించే ప్లాంటు, కాడ బంకరు ఎందుకున్నదో తెల్సా?

అల్లుడు: బొగ్గు నిల్వకు.

మామ: నిల్వకు కాదు. లోపలి బెల్టు ఆగితే బయట వ్యాగన్ నిండుడు ఆగొద్దు. బయట వ్యాగన్ రాకపోతే లోపల బెల్టు ఆగొద్దు. నడుమ బంకరు ఉంటే ఒకని కష్టం ఇంకొకనికి తాకది. బంకరు లేని కాడ బెల్టులన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటయ్. నడుపుడు బయటి బెల్టు నుంచి మొదలువెట్టి లోపలికి రావాలె. బయటిది ఆగితే లోపలియన్నీ ఆగాలె, లేకపోతే ట్రాన్స్‌ఫర్ పాయింట్ కాడ గుట్ట పడుతది. అంటే ఒక్క రోలర్ చెడితే బాయి మొత్తం ఆగినట్టే. అప్పుడు ఆ రోలర్ కాడున్న ఫిట్టర్ మీద ఎంతమంది కండ్లుంటయ్ చెప్పు.

అల్లుడు: ...అక్కడ వాడు తాళం వేస్తడా, వెయ్యడా.

మామ: వెయ్యడు.

అల్లుడు: మామా, ఒక్క నిమిషం. దీన్ని మేము బఫర్ అంటం. సార్టర్‌కు ముందు కొంత జాగ విడిచి పెట్టెలు ఆగి నిలబడేటట్టు కన్వేయర్ పెడతం. మేము దాన్ని సమర్థత లెక్కలనే వేస్తం. ఒక భాగం పది నిమిషాలు ఆగినా మిగతావి నడవాలెనని. నువ్వు దాన్ని రక్షణ లెక్కల వేస్తున్నవ్.

మామ: రెండు లెక్కలెందుకు? పది నిమిషాలు బంకరుంటే ఫిట్టర్‌కు పది నిమిషాల టైమున్నట్టు. తాళం వేసి, బల్బు పెట్టుకొని, నిమ్మళంగ పని చేస్తడు. బంకరు లేకపోతే ఉరుకులాటనే.

(నా మొగ్గు ఇక్కడ పూర్తిగా మామ వైపు. గోదాము రక్షణ అనగానే మనకు హెల్మెట్లు, పసుపు గీతలు, పోస్టర్లు గుర్తొస్తాయి. బఫర్ కోసం వదిలిన ఖాళీ నేలను ఎవరూ రక్షణ పరికరం అనరు. అందుకే ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట కోత పడేది దానికే.)

అల్లుడు: నిజం చెప్పాలంటే క్లయింట్ అడిగిందే అది. ఈ మూల ఖాళీ ఎందుకు, ఇంకో రెండు వరుసల ర్యాకులు పడుతయ్ కదా అన్నడు. తీసేసిన.

మామ: మల్ల పెట్టు.

అల్లుడు: పెడతా. ఒప్పుకుంటడో లేదో చూడాలె. సరే, ఇప్పుడు నా మాట విను. 2021 నవంబరు 10న ఇక్కడే, ఎస్సార్పీ 3, 3ఏ బాయిల పైకప్పు కూలి నలుగురు పోయిన్రు. ఆ జాగల మనుషులకు బదులు మిషన్ ఉంటే ఏమయ్యేది? మిషన్ పోయేది. అంతే కదా?

మామ: (చాలాసేపటికి) ఔ. ఆ నాలుగు ఇండ్లు నాకు ఎరుకే. గని అడ్రియాల ప్రాజెక్టు సింగరేణిల అన్నిటికన్నా పెద్ద మిషన్లున్న బాయి. 2022 మార్చిల ఆడ గూడ కప్పు కూలి ముగ్గురు పోయిన్రు. రక్షణ చూసే అధికారే అందుల ఉన్నడు. మిషన్లు వచ్చినంక మనుషులు తక్కువ పోతరు, అది నేను గూడ అంట. మిషన్ వచ్చింది కాబట్టి ఇగ చూడపనిలేదు అంటవా, ఆడ నేను ఒప్పుకోను.

అల్లుడు: నేను అట్ల అంటలేను.

మామ: నీ నక్షా అంటున్నది. మనిషి నడిచే తొవ్వ ఏడున్నది ఇందుల?

అల్లుడు: ఇగో, ఈ పచ్చ గీత. రోబోకు పక్కన అర మీటరు ఖాళీ లేని ప్రతి జాగను ప్రమాద జాగ అని గుర్తు పెట్టాలె, లేకపోతే మనుషులు రాకుండ మూసెయ్యాలెనని డ్రైవర్ లేని బండ్ల ప్రమాణం ఉన్నది, ఐఎస్ఓ 3691-4. ఆ లెక్కనే గీసిన.

మామ: ఈ పచ్చ గీత లారీలు ఎనుకకొచ్చే కాడ ఎందుకు తెగింది?

అల్లుడు: అది డాక్. అక్కడ...

మామ: ఆడ డ్రైవర్లు దిగుతరు, క్లీనర్లు దిగుతరు, బీడీ కోసం తిరుగుతరు. నీ రోబోలకు కంచె కట్టినవ్, లారీకి కట్టలే. లారీ ముందుకు కదిలినప్పుడు లోపల సరుకు దించేటోడు సందుల పడుతడు. చక్రానికి కట్ట ఎవడు పెడుతడు, ఎవడు తీస్తడు?

(దీనికి అల్లుడి దగ్గర జవాబుంది. లారీని కొక్కెంతో పట్టి ఉంచి, అది బిగిసాకనే గోదాము తలుపు తెరుచుకునే ఏర్పాటు ఉంటుందని చెప్పాడు. నక్షాలో లేదు, అంచనాలో ఉందన్నాడు. ఆ చర్చ కాస్త సాగింది, వదిలేస్తున్నాను.)

మామ: ఇగ మంట సంగతి.

అల్లుడు: కప్పు మొత్తం స్ప్రింక్లర్లు. ర్యాకు ఎత్తును బట్టి నడుమ అరలల్ల గూడ.

మామ: 2022 మార్చిల బోయిగూడ తుక్కు గోదాముల పదకొండు మంది బీహారోళ్లు కాలిపోయిన్రు. పైన పండుకున్నరు. దిగేందుకు ఒక్కటే సుట్టు మెట్లు. ఆడ రోబోలు లేవు, బెల్టులు లేవు. తలుపు లేదు.

అల్లుడు: అది అక్రమంగా నడిపిన గోదాము మామా. మాది...

మామ: నీదే మంచిది, ఒప్పుకున్న. మంచియి కాలవా?

అల్లుడు: కాలినయ్. ఇంగ్లండుల ఒకాడో అనే కిరాణా కంపెనీ ఉన్నది. 2019 ఫిబ్రవరిల ఆండోవర్‌ల దాని రోబో గోదాము ఒక ఛార్జర్ల పుట్టిన లోపంతోని మొత్తం కాలిపోయింది. ఫైరోళ్లకు రోజులు పట్టింది. 2021 జూలైల ఎరిత్ అనే చోట వాళ్లదే ఇంకోటి. మూడు రోబోలు గుద్దుకొని మంట లేచింది. సరుకు అంత దట్టంగ పేరిస్తే మంట నడుమ ఉంటది, నీళ్లు పై నుంచి పడుతయ్. చేరుడే కష్టం. వాటి నుంచి మేము నేర్చుకున్నం. ఛార్జింగ్ జాగ వేరే, దాని చుట్టూ నిప్పుకు ఆగే గోడ, ప్లాస్టిక్ తక్కువ.

మామ: మనుషులు?

అల్లుడు: ఆండోవర్‌ల ఎవరూ చావలే. లోపల మనుషులు తక్కువ ఉండుడు అక్కడ మేలు చేసింది. అది నా వాదనకే బలం.

మామ: ఔ, అది నీకే.

(మామ ఇంత తేలికగా మార్కు వదిలేయడం నేను అరుదుగా చూశాను. కానీ ఆ వెంటనే వాదన మలుపు తిరిగింది. నేనైతే ఊహించలేదు.)

మామ: మరి ఇసువంటిది నస్పూర్‌ల ఎందుకు కట్టరు? జాగ ఉన్నది. మంచిర్యాల టేషన్ ఉన్నది. కాజీపేట, బల్లార్షా లైను పోతనే ఉన్నది. పోరగాండ్లు ఖాళీగున్నరు. సింగరేణిల ఒకప్పుడు లక్ష మందికి మించి ఉంటిమి, ఇప్పుడు నలభై వేల దగ్గరికొచ్చింది. నాయిన నౌకరి కొడుక్కు రావాల్నని ఎదురుచూసేటోళ్లే సగం మంది.

అల్లుడు: ఇక్కడ వద్దు మామా. దండుగ.

మామ: ఎందుకు దండుగ?

అల్లుడు: ఇంత యంత్రానికి రోజుకు ఎన్ని ఆర్డర్లు కావాలెనో తెల్సా? అమెరికాల వెబ్‌వ్యాన్ అని ఒకటుండె. 1999ల బెక్టెల్ కంపెనీతోని వంద కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది, ఊరూరికి ఆటోమేటిక్ గోదాములు కట్టాలెనని. గోదాములు బ్రహ్మాండం. అనుకున్నన్ని ఆర్డర్లు రాలే. 2001 జూలైల దివాలా. యంత్రాన్ని ఆశకు తగ్గట్టు కట్టొద్దు, సరుకుకు తగ్గట్టు కట్టాలె. ఇక్కడి సరుకేంది? బియ్యం బస్తా, సిమెంటు బస్తా, ఎరువు బస్తా, పత్తి బేలు. ఒక్కటి గూడ నలుచదరం పెట్టె కాదు. నా సార్టర్ మీద బియ్యం బస్తా పెడితే ఒరిగిపోతది.

మామ: అంటే పట్నంల యంత్రాలు, మనకు మోతలు.

అల్లుడు: నేనట్ల అన్ననా?

మామ: అన్నవ్. సబ్బు బిళ్ల ఎత్తేటందుకు రోబో ఉన్నది. యాభై కిలోల బస్తా ఎత్తేటందుకు వీపున్నది. బరువు ఏడుంటే యంత్రం ఆడ ఉండాలెగద?

(అల్లుడు కాసేపు ఏమీ అనలేదు. ఈ ప్రశ్నకు డిజైన్ ఇంజినీరు ఒక్కడు జవాబు చెప్పలేడు. యంత్రం పెట్టేది బరువును చూసి కాదు, వేగం పెంచితే లాభం ఎక్కడ పెరుగుతుందో చూసి. హమాలీ కూలి చవగ్గా ఉన్నంతకాలం అతని నడుముకు బదులు యంత్రం పెట్టే లెక్క ఎవరికీ కుదరదు.)

అల్లుడు: ఎంఎల్‌ఎస్ పాయింట్‌కు రోబో వద్దు. అరగంటల గీస్త చూడు. లారీ ఎత్తుకు తగ్గట్టు లేచి దిగే బల్ల ఒకటి. బస్తా జారే కన్వేయర్, లారీ లోపలిదాకా పొడుగు సాగేది. కింద పాలెట్లు, బ్యాటరీ పాలెట్ ట్రక్కు. బస్తా ఎప్పుడూ నడుము ఎత్తు కంటే కిందికి దిగొద్దు, భుజం కంటే పైకి పోవొద్దు. సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. చెడితే మంచిర్యాలలనే బాగు చేస్తరు.

మామ: హమాలీలు తగ్గుతరా?

అల్లుడు: కొందరు తగ్గుతరు.

మామ: వాళ్ల సంగతేంది?

అల్లుడు: అది నా నక్షాల లేదు మామా.

మామ: ఉండాలె.

అల్లుడు: ఉండాలెనంటే ఎట్ల? వాళ్ల కూలి బస్తాల లెక్క. బస్తాలు అన్నే ఉంటయ్, మనుషులు తగ్గితే మిగిలినోళ్లకు ఎక్కువ పడుతది. వీపు మిగులుతది. పోయినోళ్లకు ఏం చెయ్యాలెనో సర్కారు చెప్పాలె, సంఘం అడగాలె. నేను ఇంజినీరును.

మామ: మేం గూడ ఫిట్టర్లమే ఉంటిమి. అడిగినం.

(ఇక్కడ ఇద్దరూ కలవలేదు. కలిసినట్టు రాస్తే అబద్ధమవుతుంది.)

అల్లుడు: ఇంకొకటి నేనే ఒప్పుకుంట, నువ్వు అడగకముందే. రోబో అరను తెచ్చి ముందు పెడుతుంటే, మనిషి ఎంత వేగంగ తియ్యాలెనో రోబోనే చెప్పినట్టైతది. అమెరికాల రివీల్ అనే పాత్రికేయ సంస్థ 2020ల అమెజాన్ గాయాల రికార్డులు బయటపెట్టింది. 2016 నుంచి 2019 దాకా చూస్తే రోబోలున్న గోదాములల్ల పెద్ద గాయాలు, లేనివాటి కంటే సుమారు సగం ఎక్కువ. కంపెనీ ఆ లెక్క ఒప్పుకోలే. నేను మాత్రం నమ్ముతున్న, ఎందుకంటే కారణం కనబడుతున్నది. నడక తీసేసినం, దాంతోని నడకల దొరికే విరామం గూడ తీసేసినం. అదే భుజం, అదే మలుపు, షిఫ్టు మొత్తం.

మామ: మరి నీ నక్షాల వేగం ఎవడు పెడతడు?

అల్లుడు: సాఫ్ట్‌వేర్ల ఒక అంకె. సూపర్‌వైజర్ మార్చొచ్చు.

మామ: మార్చొద్దు.

అల్లుడు: పండుగ సేల్ వస్తే?

మామ: మనుషులను పెంచు, స్టేషన్లు పెంచు. బాయిల కప్పుకు ఎన్ని బోల్టులు కొట్టాలెనో మైనింగ్ సర్దార్ తన ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తడా? రాసిపెట్టిన ప్లాన్ ఉంటది. దాన్ని మార్చాల్నంటే మీదికి పోవాలె. ఆ అంకెకు గూడ ఒక తాళం పెట్టు. ఒక చెవి మీ మేనేజర్ కాడ, ఒక చెవి పనోళ్ల మనిషి కాడ.

అల్లుడు: పనోళ్ల మనిషి అంటే?

మామ: నీకు తెల్వదా? బాయిలల్ల వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటడు. 1955 మైన్స్ రూల్స్‌లనే ఉన్నది. కార్మికులల్ల నుంచే ఒకడు బాయి అంత తిరిగి చూసి, ఏడ ఏం బాగలేదో రిజిస్టర్ల రాస్తడు. మేనేజర్ దానికి జవాబు రాయాలె. పిట్ సేఫ్టీ కమిటీ ఉంటది. పెద్ద ప్రమాదమైతే గనుల రక్షణ చూసే డీజీఎంఎస్ దిగుతది, ధన్‌బాద్ దాకా పోతది. ఇంత ఉన్నా మనుషులు పోతున్నరు. ఏమీ లేని కాడ ఎట్లుంటదో ఆలోచించు. నీ గోదాముల మనిషి చెయ్యి పోతే ఎవడొస్తడు?

అల్లుడు: అది... కొన్ని గోదాములు ఫ్యాక్టరీల చట్టం కింద రిజిస్టరైనయ్, కొన్ని షాపుల చట్టం కింద.

మామ: సెకనుకు రెండు మీటర్ల వేగంతోని నడిచే బెల్టు షాపా?

అల్లుడు జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నక్షాలో నాలుగు మార్పులు చేశాడు. బెల్టు పొడుగునా తాడు, స్విచ్చుల దగ్గర ఆరు తాళాల పట్టీ, డాక్ దగ్గర తెగిన నడకదారి, తీసేసిన బఫర్. మొదటి మూడింటికి పెద్ద ఖర్చు లేదు కాబట్టి అవి ఉంటాయని అతని అంచనా. నాలుగోదాని మీద అతనికే నమ్మకం లేదు.

ఈ రాష్ట్రంలో గోదాములకు అనుమతులిచ్చే ఫ్యాక్టరీల శాఖకు, కార్మిక శాఖకు, అగ్నిమాపక శాఖకు ఒక విన్నపం. బెల్టులూ రోబోలూ నడిచే ప్రతి పంపిణీ గోదామును, అది ఏ చట్టం కింద నమోదైనా సరే, తనిఖీ పరిధిలోకి తీసుకోండి. నక్షా ముందు పెట్టినప్పుడు గంటకు ఎన్ని పార్సిళ్లో కాదు, మధ్యలో ఒక భాగం ఆగితే మిగతాది ఎంతసేపు నిలబడగలదో అడగండి. పనిచేసేవాళ్లలోంచి ఒకరికి గోదామంతా తిరిగి రిజిస్టర్‌లో రాసే అధికారం ఇవ్వండి. గాయాల లెక్కను ఏటా బయటపెట్టమనండి. బొగ్గు బాయిలో ఇవి దశాబ్దాలుగా ఉన్నాయి. గోదాముకు ఇవ్వడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.